థియేటర్ వీధి విద్యార్థిని: అన్నా పావ్లోవా

పదునాలుగు పదునైదేండ్ల బాలికకు నృత్యమందు అసాధారణమైన ప్రజ్ఞ కనబడినప్పుడు ఆ యింట ఒక తర్జనభర్జన ఆరంభమవుతుంది. గజ్జెలు కట్టుకొని సాధన చేయవలసిన ఉదయపు వేళలోనే లెక్కల పాఠం పిలుస్తుంది. పరీక్షకు చదువుకోవలసిన రాత్రి ప్రదర్శన వచ్చి పడుతుంది. తల్లి ఒక వైపు, తండ్రి ఒక వైపు, నాట్యాచార్యుడు ఒక వైపు, తరగతి ఉపాధ్యాయుడు ఒక వైపు లాగుతూ ఉంటారు. నలుగురూ ఆ పిల్ల మేలు కోరినవారే. ఆ నలుగురి నడుమ నలిగేది మాత్రం పిల్ల ఒక్కతె. ముప్పది ఏండ్లుగా తరగతి గదిలో పాఠం చెబుతున్న నేను ఇట్టి పిల్లలను పలువురిని చూచినాను. హాజరుపట్టీలో వారి పేరు ఎదుట గైర్హాజరు గుర్తు పెట్టినప్పుడెల్లా, ఈ పిల్ల చదువునకు దూరమవుతున్నదా, లేక మన చదువే ఈ పిల్లకు దూరమవుతున్నదా అన్న సందేహం నన్ను వెన్నాడుతూనే ఉన్నది.

ఈ సందేహం మన కాలానిదీ కాదు, మన దేశానికి మాత్రమే చెందినదీ కాదు. పాశ్చాత్యుల బాలే నృత్యానికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన రష్యను నర్తకి అన్నా పావ్లోవా జీవితాన్ని పరిశీలించినవారికి, ఆ ప్రశ్నకు ఒక దేశం, ఒక కాలం ఇచ్చిన సమాధానం కనిపిస్తుంది. మరణిస్తున్న హంసగా రంగస్థలం మీద ఆమె ఆడిన చిన్న నృత్యాన్ని గూర్చి వినని కళాప్రియులు అరుదు. అయితే ఆ హంస రెక్కలు ఎక్కడ మొలిచినవో, అందుకు ఎన్ని ఏండ్లు పట్టినవో ఆలోచించేవారు తక్కువ. 1891 మొదలు 1899 వరకు, పదవయేట నుండి పదునెనిమిదవయేట వరకు, ఆమె ఒక వసతి పాఠశాలలో విద్యార్థిని. ఆమె జీవితంలో ఈ వ్యాసానికి ముఖ్యమైన భాగం ఆ ఎనిమిది సంవత్సరాలే.

అన్నా 1881వ సంవత్సరం ఫిబ్రవరి 12వ తేదీన రష్యా సామ్రాజ్యపు రాజధానియైన సెయింట్ పీటర్స్‌బర్గులో జన్మించినది. తల్లి ల్యుబోవ్ బట్టలుతికి జీవనం చేసిన పేదరాలు. తండ్రి అండ ఎరుగక పెరిగిన ఆ బిడ్డకు తల్లియే సర్వస్వం. పుట్టుకతోనే అర్భకురాలు, బ్రతుకుతుందన్న ఆశ కూడ తక్కువగా ఉండేదట. నగరానికి సమీపాన లిగోవో అనే పల్లెలో అమ్మమ్మ వద్ద ఆమె బాల్యంలో అధికభాగం గడిచినది. పల్లె గాలి, చెట్ల నీడ, సీతాకోకచిలుకలు, తూనీగలు ఆమెకు తొలి నేస్తాలు. తరువాతి కాలంలో ఆమె ఆడిన నృత్యాలలో తూనీగయు, సీతాకోకచిలుకయు చోటుచేసికొన్నవంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

1890లో మరీన్‌స్కీ నాటకశాలలో చైకోవ్‌స్కీ సంగీతంతో, మారియస్ పెతిపా నృత్యరచనతో ‘నిద్రించే సుందరి’ అనే బాలే వెలువడినది. తల్లి తన చేతి కష్టంలో మిగిల్చిన సొమ్ముతో బిడ్డను ఆ ప్రదర్శనకు తీసికొని వెళ్ళినది. తిరిగి వచ్చిన బిడ్డ మునుపటి బిడ్డ కాదు. తానూ ఆ రంగస్థలం మీద ఆడవలెనని పట్టుపట్టినది. తల్లి మొదట నవ్వినది, పిదప వారించినది, కడకు లొంగిపోయినది. ఇద్దరూ సామ్రాజ్య నృత్యపాఠశాల తలుపు తట్టినారు. పదేండ్లు నిండనిదే చేర్చుకొనబోమని, పైగా పిల్ల బలహీనంగా ఉన్నదని వారు త్రిప్పి పంపినారు. ఆ మరుసటి యేడు, 1891లో, పిల్ల మరల వెళ్ళినది. ఈసారి తలుపు తెరుచుకొన్నది.

ఆ పాఠశాల సంగతి కొంత తెలిసికోవలసి ఉన్నది. 1738లో అన్నా అను పేరు గల రష్యా మహారాణియే దానిని నెలకొల్పినది. జాన్ బాప్తీస్త్ లాందే అనే ఫ్రెంచి నాట్యాచార్యుడు పండ్రెండుగురు బాలురతో, పండ్రెండుగురు బాలికలతో రాజభవనంలోనే తొలి పాఠం చెప్పినాడు. ఆ పిల్లలు ప్రభువుల సంతానం కారు. కొలువులోని పరిచారకుల బిడ్డలు. నూరేండ్ల తరువాత ఆ పాఠశాల థియేటర్ వీధికి మారినది. కార్లో రోసీ అను వాస్తుశిల్పి నిర్మించిన ఆ వీధి పొడవు 220 మీటర్లు, వెడల్పు 22 మీటర్లు. ఇరువైపుల భవనాల ఎత్తు కూడ 22 మీటర్లే. వీధిలో అడుగుపెట్టిన పిల్లకు మొట్టమొదట నేర్పబడే పాఠం ఆ కొలతల పొందికయే కాబోలు.

ప్రవేశపరీక్షలో నృత్యం అడుగరు. నడిపించి చూస్తారు, పరుగెత్తించి చూస్తారు. వైద్యులు గుండెను, వెన్నెముకను, కండ్లను, చెవులను పరీక్షిస్తారు. చేరినవారికి మొదటి సంవత్సరం పరిశీలనా కాలం. అందులో నిలిచినవారికి తిండి, బట్ట, వసతి, చదువు, నృత్యం సమస్తమూ ప్రభుత్వ వ్యయమే. చదువు ముగిసిన పిదప రాజనాటకశాలలలో ఉద్యోగం, ఇరువది ఏండ్ల కొలువు తరువాత పింఛను. చాకలి పని చేసికొనే తల్లికి ఇంతకంటె కావలసినదేమున్నది? కాని దానికి మూల్యం కూడ ఉన్నది. బిడ్డ ఇక తన ఇంట పెరుగదు. ఆదివారం నాడు వచ్చి చూచి వెళ్ళవలసినదే. ల్యుబోవ్ ఆదివారం తప్పక వచ్చేదట. వేసవి సెలవులలో తల్లీకూతుండ్లు లిగోవోలో కలిసి గడిపేవారు. కన్నబిడ్డను వారానికొక దినం చూచుకొనుటకు సమ్మతించిన ఆ తల్లి త్యాగం చరిత్రలో పెద్ద అక్షరాలతో వ్రాయబడలేదు. అయినను ఈ కథకు పునాదిరాయి అదియే.

పాఠశాల దినచర్య గడియారం ముల్లు వలె నడిచేది. ఉదయం ఎనిమిది గంటలకు గంట మ్రోగేది. పర్యవేక్షకురాలి కనుసన్నలలో పిల్లలు లేచి, చన్నీళ్ళతో ముఖం కడుగుకొని, ప్రార్థన చేసికొని, తొమ్మిదింటికి తేనీరు, రొట్టె, వెన్న తీసికొనేవారు. పిమ్మట నృత్యసాధన. గోడ వెంబడి అమర్చిన కొయ్యకమ్మిని చేతబట్టుకొని మోకాళ్ళు వంచుట, పాదం చాచుట మొదలైన అభ్యాసాలు. తరువాత కమ్మి విడిచి గది నడుమ సాధన. మధ్యాహ్నం భోజనం, కొంతసేపు షికారు. అటుపై నాలుగు గంటల వరకు పుస్తకపాఠాలు: మతబోధ, రష్యను భాష, గణితం, చరిత్ర, భూగోళం, ఫ్రెంచి. నాలుగింటికి మరల భోజనం, కొంత విరామం. సాయంకాలం సంగీతం, కత్తిసాము, అప్పుడప్పుడు నాటకశాల ప్రదర్శనలకు అభ్యాసం. ఎనిమిదింటికి ఫలాహారం, తొమ్మిదింటికి నిద్ర. పెద్దపిల్లలకును, చిన్నపిల్లలకును ఈ కట్టడి ఇంచుమించు ఒక్కటే.

ఉపాధ్యాయులు ఈ పట్టికను ఒకమారు నిదానంగా చదువవలెను. సాధనకు ఉదయం కేటాయింపబడినది. అప్పుడు శరీరం తేలికగా ఉంటుంది. పాఠాలకు మధ్యాహ్నం కేటాయింపబడినది. నడుమ షికారు, విశ్రాంతి ఉన్నవి. రాత్రి నిద్రకు లోటు లేదు. అన్నింటికంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. నృత్యగురువు, గణితోపాధ్యాయుడు ఒకే కప్పు క్రింద, ఒకే అధికారి క్రింద పనిచేసేవారు. ఒకరు తీసికొన్న గంట మరొకరికి తెలిసేది. పిల్ల అలసినదో లేదో ఇద్దరూ కండ్లార చూచేవారు. ఈ ఇరువురి మధ్య సంజాయిషీ చెప్పుకొంటూ తిరుగవలసిన దుస్థితి పదేండ్ల పిల్లకు పట్టలేదు.

అట్లని అంతా సుఖంగా సాగిపోయినదని చెప్పరాదు. పిల్లల పాత్రలు గల బాలేలకు, ఒపేరాలకు విద్యార్థులనే తీసికొనేవారు. 1892లో ‘నట్‌క్రాకర్’ బాలే తొలిసారి ప్రదర్శింపబడినప్పుడు అందులోని బాలబాలికలు ఈ పాఠశాల పిల్లలే. పెద్ద బండ్లలో ఎక్కించి నాటకశాలకు తీసికొనిపోయేవారు. రాత్రి తిరిగి తీసికొని వచ్చేవారు. అట్టి రాత్రులకు మరునాటి పాఠాలలో కొంత మూల్యం చెల్లింపవలసి వచ్చేదనుట స్పష్టమే. అయితే ఆ దీపాల వెలుగులో పిల్లలు నేర్చినది ఏ గ్రంథంలోను దొరకదు. పావ్లోవా స్వయంగా చెప్పుకొన్న చిన్ననాటి సంగతి ఒకటి ఉన్నది. మూడవ అలెగ్జాండరు చక్రవర్తి పాఠశాలకు వచ్చి ప్రదర్శన చూచి, ఒక చిన్నపిల్లను ఎత్తుకొన్నాడట. తననూ ఎత్తుకొనలేదని అన్నా ఏడ్చినదట. చక్రవర్తి సోదరుడు ఆమెను ఎత్తుకొని ఊరడింపబోయినాడు. అయినను చక్రవర్తియే కావలెనని పిల్ల మారాము చేసినదట. మొదటి స్థానం తప్ప రెండవది అక్కరలేదన్న ఆ పట్టుదల అప్పటికే మొలకెత్తినదన్నమాట.

పట్టుదల ఉన్నది కాని శరీరం లేదు. ఆనాటి రంగస్థలాన్ని ఇటలీ నుండి వచ్చిన దృఢకాయలైన నర్తకీమణులు ఏలుతున్నారు. వారి కండలు ఉక్కు, కాళ్ళు కంబాలు. పావ్లోవా సన్నని పిల్ల. చేతులు పొడవు, చీలమండలు నాజూకు, పాదపు వంపు మితిమీరి ఎత్తు. తోడి పిల్లలు చీపురుపుల్ల అని గేలిచేసేవారట. పాఠశాలవారు ఆమెకు బలవర్ధకమైన ఆహారం, కాడ్‌లివర్ నూనె పట్టించేవారు. రోజువారీ సాధనలో ఆమె అందరికంటె ఎక్కువగా శ్రమించేది. అందరికంటె త్వరగా అలసిపోయేది. ఎకతెరీనా వాజెమ్, క్రిస్టియన్ యోహాన్సన్, పావెల్ గెర్ట్ వంటి ఉద్దండులైన గురువులు ఆమెకు లభించినారు.

ఆమె జీవితచరిత్రకారులు చెప్పే ఒక ఘట్టం ఉపాధ్యాయలోకం మరువరానిది. ఆ రోజులలో పియెరినా లెన్యానీ అనే ఇటాలియను నర్తకి ఒంటికాలి మునివ్రేళ్ళ మీద నిలిచి ముప్పదిరెండు మార్లు గిరగిర తిరిగి పీటర్స్‌బర్గును మురిపించినది. ఊరంతా ఆ ముచ్చటయే. మన బాలిక ఒకనాడు ఎవరూ లేని గదిలో ఆ చుట్లు తిరుగుటకు ప్రయత్నిస్తూ గురువు గెర్ట్ కంటబడినది. మరొక గురువైతే మెచ్చుకొని, ఇంకొక పది చుట్లు తిరుగుమని ప్రోత్సహించి ఉండును. గెర్ట్ అట్లు చేయలేదు. ఆ విన్యాసాలు నీ శరీరానికి తగినవి కావు, వాటిని ఇతరులకు విడిచిపెట్టుము, నీ సౌకుమార్యమే నీ బలము అని ఆమెకు బోధపరచినాడు. ఎదిగే వయస్సులో శరీరాన్ని అదరిపాటుతో సాధిస్తే ఎముక చెడుతుంది, కీలు చెడుతుంది. ఒక్కొక్కప్పుడు మనస్సే చెడుతుంది. పిల్ల తొందరపడినప్పుడు గురువు పగ్గం పట్టుకొనవలెను. పరుగెత్తించగల గురువులు లోకంలో వేలకొలది ఉన్నారు. ఆగుమని చెప్పగల గురువు దొరుకుట అదృష్టం. లోపమని అందరూ తలచిన ఆమె సుకుమారత్వమే ఇరువది ఏండ్ల తరువాత ప్రపంచానికి నృత్యాదర్శమైనది.

అయితే ఈ పాఠశాలను ఆకాశానికెత్తి విడిచిపెట్టుట సత్యం కాదు. దానికి రెండవ ముఖం కూడ ఉన్నది. నృత్యంతో పోలిస్తే అక్కడ పుస్తకవిద్య బలం తక్కువ. గోడల వెలుపలి లోకం పిల్లలకు అందదు. బాలురతో బాలికలు మాట్లాడరాదు. ఎనిమిదేండ్లు అద్దాల పెట్టెలో పెంచిన మొక్కలవలె పెరిగి, ఒక్కసారిగా నాటకశాల వెలుగులోకి వచ్చేవారు. అదే పాఠశాలలో 1898లో చేరిన వాత్స్లావ్ నిజిన్‌స్కీ కథ ఇక్కడ తలచుకొనదగినది. గాలిలోకి ఎగిరితే నేలను మరచినాడా అనిపించే ఆ బాలుడు పుస్తకపాఠాలలో మాత్రం వెనుకబడుతూ వచ్చినాడు. మాటలలో మెదలలేని పిల్లవాడు, తోటివారు వెక్కిరించేవారు. 1907లో చదువు ముగించుకొని బయటికి వచ్చి లోకప్రసిద్ధి పొందినాడు. 1919 నాటికి మనోవ్యాధి అతని నృత్యాన్ని ముగించినది. ఆ వ్యాధికి పాఠశాల కారణమని ఎవరూ అనజాలరు. కాని ఎగురుట నేర్పినంత శ్రద్ధతో మాటాడుట కూడ నేర్పి ఉంటే ఆ యువకుని ఒంటరితనం కొంత తగ్గి ఉండునేమో అని ఉపాధ్యాయునికి అనిపించక మానదు.

దీనికి ఎదురు కథ తమారా కర్సావినాది. ఆమె 1894లో చేరి 1902లో పట్టం పొందినది. నర్తకుని కుమార్తె, చిన్ననాడే తల్లి చలువవలన పుస్తకాలు చదువుటకు అలవాటుపడినది. ఆమె సోదరుడు లేవ్ పేరుపొందిన తత్త్వవేత్త. నృత్యంలో పావ్లోవాకు దీటుగా నిలిచిన కర్సావినా, 1930లో తన పాఠశాల జ్ఞాపకాలను ‘థియేటర్ వీధి’ అను పేర ఇంగ్లీషులో స్వయంగా వ్రాసినది. పరాయిభాషలో అంత చక్కని గద్యం వ్రాయగలుగుట కాలిసాధన వలన వచ్చినది కాదు. నృత్యం ముగిసిన తరువాత కూడ ఆమెకు చేయుటకు పని మిగిలినది, చెప్పుటకు మాట మిగిలినది. ఒకే గోడల నడుమ పెరిగిన ఇద్దరిలో ఒకరికి ఇంటి చదువు తోడైనది, మరొకరికి కాలేదు. బడి ఎంత గొప్పదైనను ఇల్లు చేయవలసిన పని కొంత మిగిలియే ఉంటుంది.

1899 వసంతంలో పావ్లోవా పాఠశాల విడిచినది. గురువు గెర్ట్ కూర్చిన చిన్న బాలేలో ఆమె కడపటి పరీక్షగా నర్తించినది. క్రొత్తవారు సాధారణంగా బృందనర్తకుల వరుసలో కొంతకాలం నిలువవలెను. ఆమెకు ఆ మెట్టు దాటవేసి పై మెట్టు ఇచ్చినారు. 1903లో ‘జిజెల్’ నాయికగా నర్తించినది. 1906 నాటికి రాజనాటకశాలలో ప్రధాన నర్తకి పదవి అందుకొన్నది. అంతటితో చదువు ముగిసినదని ఆమె తలపలేదు. పేరు వచ్చిన పిదప మిలాను నగరానికి పోయి కతెరీనా బెరెత్తా వద్ద శిక్షణ పొందినది. ఎన్రికో చెకెట్టి వద్ద మొదటి తరగతి పిల్లవలె మరల కమ్మి పట్టుకొన్నది. కీర్తి వచ్చినవెంటనే గురువును మరచే లోకంలో ఇది గమనింపదగిన గుణం. జీవితాంతం విద్యార్థినిగా ఉండుట ఎట్లో థియేటర్ వీధి ఆమెకు నేర్పినది. పాఠ్యప్రణాళికలో వ్రాయని పాఠం అది.

1905లో రష్యాలో అలజడి చెలరేగినప్పుడు నాటకశాల నర్తకులు కూడ తమ హక్కులకై సమావేశమైనారు. వారి ప్రతినిధులలో పావ్లోవా, కర్సావినా, నృత్యరచయిత మిహాయిల్ ఫోకిన్ ఉన్నారు. ఫోకిన్ కూడ ఆ పాఠశాల బిడ్డయే. సాఁ-సాఁస్ సంగీతానికి ఆమె కొరకు అతడు కూర్చినదే ఆ హంస నృత్యం. 1909లో ద్యాగిలేవ్ బృందంతో పారిసులో, 1910లో న్యూయార్కు, లండను నగరాలలో ఆమె నర్తించినది. 1912లో లండనులో ఐవీ హౌస్ అనే ఇల్లు తీసికొన్నది. 1914 తరువాత స్వదేశాన ఆమె మరల నర్తింపలేదు. అటుపై ఆమె బ్రతుకంతా ఓడలు, రైళ్ళు, అద్దె గదులు. అమెరికా ఖండాలు, ఆస్ట్రేలియా, జపాను, చైనా, ఈజిప్టు, దక్షిణాఫ్రికా తిరిగినది. బాలే అన్నది ఎరుగని పట్టణాలలో, వసతిలేని రంగస్థలాల మీద కూడ ఆడినది. ఎక్కడ ఉన్నను ఉదయపు సాధన తప్పలేదు. ఎనిమిదేండ్లు మ్రోగిన ఆ బడిగంట చెవులలో మ్రోగుతూనే ఉన్నది కాబోలు.

పిల్లలు లేని ఆమెకు పిల్లల చదువు మీద మక్కువ ఎక్కువ. లండను ఇంట కొందరు ఇంగ్లీషు బాలికలను చేరదీసి తానే నృత్యం నేర్పినది. మొదటి ప్రపంచయుద్ధం, రష్యను విప్లవం తరువాత వేలకొలది రష్యనులు కట్టుబట్టలతో పారిసు చేరినారు. వారిలో తల్లిదండ్రులు లేని బాలికలకై ఆమె పారిసు చేరువన సాఁ-క్లూలో ఒక శరణాలయం తెరచినది. తన ప్రదర్శనల ఆదాయంతో వారిని పోషించినది. అది నర్తకులను తయారుచేసే కార్ఖానా కాదు; ఆ పిల్లలకు గూడు, అన్నం, చదువు ఇచ్చుటకు ఏర్పడిన ఇల్లు. వారానికొకమారు మాత్రమే తల్లిని చూడగలిగిన పిల్ల, పెద్దదై, తల్లియే లేని పిల్లలకు ఇల్లు కట్టినది. ఆమె చేసిన నృత్యాలన్నింటికంటె ఈ ఒక్క పని నాకు ఎక్కువ హృదయంగమంగా తోస్తుంది.

మన దేశంతో ఆమెకు గల సంబంధం మరువరానిది. 1922-23 శీతకాలంలో ఆమె భారతదేశం వచ్చినది. ఇక్కడి దేవాలయాలు, చిత్రాలు, నాట్యభంగిమలు ఆమెను ఆకర్షించినవి. అజంతా చిత్రాల ప్రేరణతో 1923లో లండనులో ఒక బాలే వెలువరించినది. అప్పుడు లండనులో చిత్రలేఖనం చదువుతున్న ఉదయశంకర్‌ను చేరదీసి, హిందూ వివాహం, రాధాకృష్ణులు ఇతివృత్తాలుగా నృత్యరచన చేయించి, అతనితో కలిసి నర్తించినది. ఆ విద్యార్థి తరువాత ఎంతటివాడైనదీ లోకమెరుగును. 1920 దశకం చివర రుక్మిణీదేవి అరండేల్ ఆమెకు పరిచితురాలైనది. పావ్లోవా ప్రోత్సాహంతో ఆమె బృందంలోని క్లియో నోర్డి వద్ద రుక్మిణీదేవి బాలే అభ్యసించినది. కాని పావ్లోవా సలహా మరొకటి: నీ దేశపు నృత్యాన్ని వెదకి తెలిసికొమ్మన్నది. ఒకనాడు గెర్ట్ తనకు చేసిన ఉపకారాన్నే ఆమె మరొకరికి చేసినది. పరుల విన్యాసం పరులకు విడిచి, తన స్వభావానికి తగినదానిని సాధించుమన్న ఉపదేశమే అది.

ఆ ఉపదేశం వ్యర్థం కాలేదు. రుక్మిణీదేవి మైలాపూరు గౌరీ అమ్మాళ్, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై గార్ల వద్ద భరతనాట్యం అభ్యసించి, 1936లో మద్రాసులో కళాక్షేత్రం స్థాపించినది. నృత్యంతో పాటు సంగీతం, భాష, చేనేత వంటి కళలు ఒక్క ఆవరణలో వెలసినవి. సమీపాననే సాధారణ విద్యకు బడియు నిలిచినది. తంజావూరు సీమలోని మెలట్టూరులో వేంకటరామశాస్త్రి తెలుగులో రచించిన భాగవతమేళ నాటకాలలో ‘ఉషాపరిణయం’ కళాక్షేత్రం వేదిక కెక్కినది. థియేటర్ వీధిలోని ఒక గురువు ఒక బాలికకు చెప్పిన హితవాక్యం ఇన్ని దేశాలు, ఇన్ని భాషలు దాటి మన తెలుగుమాట వరకు నడిచి వచ్చినదనుకొంటే విద్య ఎంత దూరం ప్రయాణింపగలదో తెలుస్తుంది.

1931 జనవరిలో హాలండు యాత్రలో ఆమెకు ఊపిరితిత్తుల వ్యాధి సోకినది. ఆ నెల 23వ తేదీన హేగ్ నగరపు ఒక హోటలులో, యాభయ్యవ పుట్టినదినానికి మూడు వారాల ముందు, ఆమె కన్నుమూసినది. పుట్టినప్పుడు బ్రతుకదని భయపడిన పిల్ల ఇరువది ఏండ్లకు పైగా భూగోళం చుట్టి వచ్చినది.

ఆ పాఠశాల నేటికిని ఆ వీధిలోనే ఉన్నది. వీధికి 1923లో దానిని కట్టిన రోసీ పేరు పెట్టినారు. పాఠశాలకు 1957లో అగ్రిప్పీనా వగానోవా పేరు పెట్టినారు. పావ్లోవా కంటె రెండేండ్ల ముందు, 1897లో, అక్కడనే చదువు ముగించిన వగానోవా నర్తకిగా కంటె గురువుగా మిన్న. తన బోధనానుభవాన్ని 1934లో గ్రంథంగా వెలువరించినది. రాజులు పోయినారు, ప్రభుత్వాలు మారినవి, నగరం పేరే పలుమార్లు మారినది. సుమారు పదేండ్ల పిల్లలను చేర్చుకొని, ఒకే కప్పు క్రింద నృత్యమూ చదువూ నేర్పే పద్ధతి మాత్రం మారలేదు.

మనకు అట్టి బడులు ఊరూరా లేవు. ఉండవలెనని కోరుట కూడ సాధ్యం కాదు. వసతి పాఠశాలల కట్టడి పిల్లలందరికీ సరిపడదు. కాని ఆ పట్టికలోని సారం మన ఏ బడికైనను సరిపోతుంది. పిల్లకు రెండు విద్యలు ఉన్నప్పుడు వాటిని నేర్పే గురువులిద్దరూ ఒకరినొకరు ఎరిగి ఉండవలెను. నృత్యగురువు పరీక్షల తేదీలు తెలిసికొనవలెను; తరగతి ఉపాధ్యాయుడు ప్రదర్శనల తేదీలు తెలిసికొనవలెను. రెండు బడుల మధ్య ఉత్తరాలు మోసే పని పిల్లకు పెట్టరాదు. నిద్రను ఎవరూ దొంగిలించరాదు. తల్లిదండ్రులు ఏ ఒక్క విద్యనూ రెండవదానికి శత్రువుగా చిత్రింపరాదు. కాలి సత్తువ కొన్నేండ్లే ఉంటుంది. చదివిన మాట కడవరకు తోడుంటుంది. అట్లే మాటలకు అందనిదానిని శరీరం చెప్పగలిగే వయస్సు పోతే తిరిగి రాదు. ఈ రెండు సత్యాలూ ఎరిగినవాడే ఉపాధ్యాయుడు.

ఇకమీదట మన తరగతిలో ఒక పిల్ల మొదటి గంటకు అలసిన కండ్లతో ఆలస్యంగా వచ్చినప్పుడు, గుర్తు పెట్టుటకు ముందు ఆమె ఎక్కడనుండి వస్తున్నదో ఒకమాట అడుగుదము. ఆ సమాధానం ఆమె తల్లికీ, ఆమె నృత్యగురువుకూ కూడ తెలిసినదో లేదో కనుగొందము. తెలియనట్లయితే ఆ ఇరువురినీ ఒకచోట కూర్చుండబెట్టవలసిన భారం మనదే.